ఖాళీ చేయించే మాటలు

ఈ మధ్య పత్రిక తెరిస్తే రోజూ ఒక మాట కనిపిస్తోంది. ఇవాక్యుయీలు. పంజాబులో ఇల్లూ వాకిలీ వదిలిపెట్టి, రైలుపెట్టెల మీదికెక్కి వస్తున్నవాళ్ళని అలా రాస్తున్నారు. మన పత్రికలవాళ్ళు కూడా ఆ మాటను తెలుగు అక్షరాల్లో పెట్టి అచ్చువేసి, తమ పని అయిపోయిందనుకుంటున్నారు. అది కంటపడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఒకప్పుడు కాగితాల్లో నన్నూ అలాగే రాశారు. నన్నూ, అప్పటికింకా పాకడమైనా రాని మా అమ్మాయినీ.

మా చిన్నవాడు ఉయ్యాలలో నిద్రపోతున్నాడు. వాడి ఊపిరి వినిపించకపోతే కలం కింద పెట్టి లేస్తున్నాను. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, వచ్చి మళ్ళీ రాస్తున్నాను. నాకు ఈ బెంగ ఏమిటని మావారు నవ్వుతారు. ఇది పుట్టుకతో వచ్చింది కాదు. యుద్ధం రోజుల్లో అనకాపల్లిలో ఒక వేసవి నాకు ఇచ్చిపోయింది.

విశాఖపట్నం మీద జపానువాళ్ళ బాంబులు పడినప్పుడు మావారు రేవు దగ్గర ఒక ఆఫీసులో గుమాస్తా. బాంబులు పడిన తరువాత ఆఫీసువాళ్ళు ఇంటికొక కాగితం పంపారు. అందులో పైన, సిబ్బంది కుటుంబాలు వెంటనే ఊరు ఇవాక్యుయేట్ చెయ్యాలని ఉంది. కింద, సిబ్బంది మాత్రం ఊరు విడిచి కదలరాదని, వారు ఎసెన్షియల్ అని ఉంది. ఒకే కాగితం, ఒకే సంతకం. భార్య ఉండకూడదు, భర్త వెళ్ళకూడదు. ఆయన ఎసెన్షియల్ అయితే నేనూ పిల్లా ఏమిటని అడిగాను. ఆయన పెట్టెకు తాడు కడుతూ కూర్చున్నారు.

కాలేజీలో నాలుగేళ్ళు ఇంగ్లీషు చదివాను. ఇవాక్యుయేట్ అన్న మాట అంతకు ముందు నాతో ఎవరైనా అన్నారంటే అది మా డాక్టరే. పిల్లకి రెండు రోజులు విరేచనం కాకపోతే ఆముదం పట్టమని చెబుతూ అన్నాడు. ఆయన వాడకమే నయం. కడుపు ఖాళీ చేయిస్తే పిల్లకి హాయి. ఊరు ఖాళీ చేయిస్తే ఎవరికి హాయో ఆ కాగితంలో రాయలేదు.

పుట్టింటికి వెళ్ళడానికి నాకు పుట్టిల్లు లేదు. నాన్నగారు పోయారు, అన్నయ్య మద్రాసులో ఉన్నాడు, అక్కడా జనాన్ని పొమ్మంటున్నారు. అనకాపల్లి అయితే రైలు దగ్గర, సెలవు దొరికిన ఆదివారం వచ్చి చూసి వెళ్ళవచ్చునని మావారు అక్కడ ఒక వాటా కుదిర్చారు. స్టేషనులో తలుపు దగ్గరికి చేరలేక పిల్లని కిటికీలోంచి నా చేతికి అందించారు. తరువాత కుంపటి అందించారు. రైలు కదిలింది. పెట్టె ఆయన దగ్గరే ఉండిపోయింది, మరో వారానికి గానీ రాలేదు.

మాకు వాటా ఇచ్చినాయన బెల్లం వర్తకుడు. బెల్లం మార్కెట్టు వెనక వీధిలో పెంకుటిల్లు. ముందు భాగంలో ఆయనా, ఆయన తల్లీ ఉండేవారు. ఆయన భార్య పోయింది, కూతుళ్ళు అత్తవారిళ్ళలో ఉన్నారు. వెనక ఒక గదీ, వంటకు చిన్న వసారా మావి. నుయ్యి అందరిదీ. ఆ ఇంట్లో ఏ గుడ్డ ముట్టుకున్నా బెల్లం వాసనే. పిల్ల ఉయ్యాల తాళ్ళకు చీమలు పాకకుండా రోజూ పసుపు రాసేదాన్ని.

ముసలావిడని వీధిలో అందరూ మామ్మ అనేవారు, నేనూ అలాగే అన్నాను. ఆవిడకి నామీద మొదట జాలీ లేదు, గౌరవమూ లేదు. విశాఖపట్నం నుంచి వచ్చిన మా అందరికీ ఊరు ఒకే పేరు పెట్టింది, బాంబులోళ్ళు అని. వంకాయలమ్మే ఆమె నన్ను చూడగానే ధర పెంచేది. ఎందుకని అడిగితే, "బాంబులోళ్ళు ఎంత సెప్పినా కొంతారని సెప్పేరు" అని నా మొహం మీదే అంది. నాకు కోపం వచ్చిందిగాని, ఇప్పుడు ఆలోచిస్తే ఆ పేరే బాగుంది. బాంబు పడింది కాబట్టి వచ్చారు అని అందులో ఉంది. కాగితంలో మాటలో ఆ సంగతి కూడా లేదు. మనుషులు వాళ్ళంతట వాళ్ళే ఒలికిపోయినట్టు ఉంటుంది.

ఎండలు ముదిరిన తరువాత ఒక ఉదయం వర్తకుడు వెనక వాటాకి వచ్చాడు. చేతిలో పొడుగాటి కవరుంది. "అమ్మాయిగోరూ, కూసింత సదివి పెట్టాలండి" అన్నాడు. బెల్లం ఎగుమతికి ఏదో పర్మిట్టు కోసం అర్జీ పెట్టుకున్నాడట, అది వచ్చిందనుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

పర్మిట్టు కాదు. విశాఖపట్నం నుంచి కదిలివస్తున్న ఒక ఆఫీసు తాలూకు దొరకీ, వాళ్ళ పరివారానికీ ఆ ఇల్లు కావాలి. ఇల్లు రిక్విజిషన్ చెయ్యడమైనది. అందులో ఉన్నవారు గడువులోగా వెకేట్ చెయ్యవలెను. చెయ్యనిచో ఎజెక్ట్ చెయ్యబడుదురు. నన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టే కాగితాన్ని నేనే మర్యాదగా, పిల్లని ఒళ్ళో పెట్టుకుని, అర్థం చెబుతూ చదివాను. నా చదువు ఆ వేసవిలో నాకు ఉపయోగపడింది దానికే.

వర్తకుడు మెట్టు మీద కూలబడ్డాడు. మామ్మ బియ్యం చేట పట్టుకునే వచ్చింది.

"ఏటంతాదది?"

ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారని చెప్పాను.

"ఎవుల్ని?"

"అందర్నీ మామ్మా. మిమ్మల్నీ, నన్నూ."

"సెయ్యకపోతే?"

ఆఖరి వాక్యం మళ్ళీ చూశాను. దానికి తెలుగు వెతుక్కోవలసిన పనే లేదు. "గెంటేస్తారట" అన్నాను.

మామ్మ చేటలో బియ్యం ఒకసారి ఎగరేసింది. "గెంటీడానికి అంత పొడుగు కాయితం ఎందుకే? మా అత్త నన్ను గెంటినప్పుడు ఒక్క మాటే అంది" అంది.

నవ్వు వచ్చింది, నవ్వేశాను కూడా. కాని మామ్మ అన్నదాంట్లో నిజం ఆ తరువాత చాలా రోజులు నన్ను పట్టుకుంది. కోపంతో గెంటేవాళ్ళ దగ్గర ఒక్క మాటే ఉంటుంది. కోపమైనా లేకుండా, ఎదటివాళ్ళ మొహమైనా చూడకుండా గెంటేవాళ్ళకే ఇన్ని మాటలు కావాలి. వెకేట్, ఎజెక్ట్, ఎవిక్ట్, రిమూవ్, డిస్‌పొసెస్. ప్రతిదానికీ ఇస్త్రీ చేసిన చొక్కా తొడిగినట్టు ఉంటుంది. దాని వెనక చెయ్యి ఎవరిదో కనబడదు.

వర్తకుడికి మార్కెట్టు దగ్గర గొడౌను ఉంది, ఒక మూల తడిక కట్టుకుని ఉండవచ్చునన్నాడు. బెల్లం దిమ్మల పక్కన పడుకోవడానికి తనేమైనా చీమా అని మామ్మ కొడుకుని కేకలేసింది. నాకు ఆ మూల కూడా లేదు. పిల్లని చంకనేసుకుని వీధి వీధీ తిరిగాను. పశువుల సావిళ్ళు కూడా నిండిపోయాయి. ఎక్కడ అడిగినా, బాంబులోళ్ళు ముందే వచ్చేశారన్నారు. మావారికి రాశాను. సెలవు ఇవ్వలేదని ఆయన నుంచి జవాబు వచ్చింది.

గడువు ఇంకా ఉండగానే ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని ఇల్లు కొలవడానికి వచ్చారు. దూలానికి ఉన్న కొక్కేనికి మా ఉయ్యాల వేలాడుతోంది, పిల్ల అందులో నిద్రపోతోంది. టేపుకి అడ్డమని ఉయ్యాల తియ్యమన్నారు. లేచాక కొలుచుకోండి అన్నాను. టైము లేదన్నారు. పిల్లని ఎత్తుకున్నాను, అది ఏడుపు లంకించుకుంది. ఒకడు గోడకు టేపు ఆనించి నిలబడ్డాడు, రెండోవాడు అంకె రాసుకున్నాడు. దొరగారు స్వయంగా వచ్చి చూస్తారని చెప్పి వెళ్ళిపోయారు. ఉయ్యాల మళ్ళీ కడుతుంటే ఎంతకీ ముడి పడలేదు.

రోహిణీకార్తె. పిల్ల వీపు నిండా, మెడ మడతల్లో చెమటకాయలు పేలాయి. మంచిగంధం రాసి విసురుతూ కూర్చునేదాన్ని. మామ్మ ఒక సాయంత్రం వచ్చి పిల్లని తిప్పి తిప్పి చూసి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్న వీధిగుమ్మం ముందు ముగ్గు వేద్దామని వెళ్ళాను. గుమ్మానికి రెండు పక్కలా వేపమండలు కట్టి ఉన్నాయి. గడపకు పసుపు రాసి ఉంది. అంటే ఆ ఇంట్లో అమ్మవారు పోసిందని. ఆ ఇంట్లో ఇక పోపు వెయ్యరు, ఎవరికీ పిడికెడు బియ్యమైనా చేత్తో పెట్టరు, బయటివాళ్ళు గడప తొక్కరు. ఇంట్లో పసిపిల్ల మా పిల్ల ఒక్కతే. పరుగెత్తుకువెళ్ళి పిల్ల బట్టలు విప్పి అరికాళ్ళ దాకా వెతికాను. ఒళ్ళు చల్లగానే ఉంది. అయినా ఏడుస్తూ మామ్మ దగ్గరికి వెళ్ళాను.

"ఏటీ నేదే పిల్లా. సెమటకాయలే, నాకు తెల్దా?" అంది.

మరి గుమ్మానికి ఆ మండలేమిటని అడిగాను.

"ఆ దొరకి తెల్దు గదా."

అమ్మవారి పేరు పెట్టి అబద్ధమా అన్నాను. దేవుణ్ణి గురించి నాకు కాలేజీలో రకరకాల అనుమానాలు ఉండేవిగాని, ఒళ్ళో పిల్ల ఉన్నప్పుడు ఒక్క అనుమానమూ మిగల్లేదు. మామ్మ మాత్రం నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది.

"అబద్దవెందుకవుతాది? నూకాలమ్మకి సెప్పుకున్నాను. తల్లీ, కొన్నాళ్ళు మా ఇంట్లో కూకో, సంటిదాన్ని మాత్రం ముట్టుకోకు అన్నాను. పిలిసినాకే కట్టేను. ఉత్తినే కట్టనేదు."

అంటే మశూచికాన్ని చుట్టంలా ఇంటికి పిలిచింది. తనకు ధైర్యం ఉంది, పిల్ల నాది. నేను మండలు పీకేస్తానంటే, పిలిచి కూర్చోబెట్టినాక పీకితే ఊరుకుంటుందా అని అడిగింది. అంతే, నా చెయ్యి లేవలేదు. మండలు ఉన్నన్నాళ్ళూ బి.ఏ. చదివిన నేను వంటలో పోపు వెయ్యలేదు. పిల్ల దగ్గినా, తుమ్మినా దీపం దగ్గర పెట్టి చూసేదాన్ని.

దొరగారు కారులో వచ్చారు. ఆ సందులోకి కారు రావడమే వింత, వీధంతా అరుగులెక్కింది. కూడా వచ్చిన గుమాస్తా గుమ్మం చూడగానే ఆగి, దొర చెవిలో ఏదో చెప్పాడు. దొర జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. కారు తిప్పుకునే చోటు లేక వచ్చిన దారినే వెనక్కి వెనక్కి నడిపించుకుంటూ పోయారు, కోళ్ళు చెదిరిపోయాయి. ఎదటింటాయన మా వర్తకుణ్ణి పిలిచి, "బావా, మీ ఇంట్లో అమ్మోరు దొరనే గెంటీసింది" అన్నాడు. చాలా రోజుల తరువాత ఆ ఇంట్లో నవ్వు వినబడింది. వంకాయలామె ఆ పూట నాకు పాత ధరకే ఇచ్చింది, గడప అవతల పెట్టి.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. దొర కళ్ళబడింది కాగితం మీదికి ఎక్కకుండా ఉంటుందా? రెండు రోజులకి శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తెలుగువాడే, కుర్రవాడు, నాకన్నా చిన్నవాడై ఉంటాడు. తలమీద సోలా టోపీ. మా గుమ్మం దగ్గరికి రాలేదు, ఎదటింటి అరుగు మీద నిలబడి మాట్లాడాడు.

"కేసుని రిమూవ్ చెయ్యాలమ్మా."

ఏ కేసు అని అడిగాను.

"పిల్లండి."

ఏటి అవతల తాటాకుల షెడ్డులు ఉండేవి. ఊళ్ళో మశూచికం వచ్చినవాళ్ళని, ముఖ్యంగా దిక్కులేనివాళ్ళని, బండి మీద అక్కడికి చేర్చేవారు. తిరిగివచ్చినవాళ్ళు తక్కువ. ఆ షెడ్డులో, నిజంగా అమ్మవారు పోసినవాళ్ళ మధ్య, చెమటకాయలున్న నా పిల్లని పెడతారట. దానికి ఆయన దగ్గర ఇంకో మాట కూడా ఉంది, సెగ్రిగేషన్. రేపు ఉదయం బండి వస్తుందన్నాడు.

పిల్లని బట్టలు లేకుండా ఎండలోకి తీసుకొచ్చాను. చెమటకాయలు, చూడండి అన్నాను. ఆయన అరుగు మీద ఇంకో అడుగు వెనక్కి వేశాడు. ఇంగ్లీషులో చెబితే నమ్ముతాడేమోనని ఇంగ్లీషులో చెప్పాను. పిల్లకి టీకాలు వేయించిన మచ్చ చూపించాను. తల్లులందరూ ఇలాగే చెబుతారని ఆయనా ఇంగ్లీషులోనే అన్నాడు. డాక్టరుని పిలిపించండి, ఆయన చూసి చెబితే అప్పుడు పంపుతానన్నాను. డాక్టరు షెడ్డులో చూస్తాడట. ముందు పంపడం, తరువాత చూడటం.

వర్తకుడు అంతా విన్నాడు. మండలు తమ ఇంటివాళ్ళే కావాలని కట్టారని చెబితే సర్కారు హుకుంకి అడ్డుపడ్డందుకు తనకి జైలు. తెలిసీ ముందుకు వచ్చాడు. చేతులు జోడించి, "బాబూ, దొరగోరు రాకుండా మా అమ్మే కట్టిందండి. జైలుకెయ్యండి ఏత్తే, సంటిదాన్ని ముట్టుకోకండి" అన్నాడు. ఇన్‌స్పెక్టరు నవ్వాడు. కేసులు దాచడానికి రకరకాల కథలు విన్నానుగాని ఇది కొత్తదన్నాడు. గుమ్మం దగ్గర ఒక బంట్రోతుని కాపలా పెట్టి వెళ్ళిపోయాడు. ఒక పెద్దమనిషి జైలుకి సిద్ధపడి చెప్పిన నిజం ఆయనకి కథ. చూడకుండా రాసుకున్నది నిజం.

పిల్లని తీసుకుని రైలెక్కుదామంటే ఎక్కడికి? మావారున్న ఊళ్ళోకి నన్ను రానివ్వరు, ఊరు ఖాళీ చేయించబడ్డదాన్ని కదా. బండి వస్తే దానితోబాటు నేనూ ఎక్కుతానని నిశ్చయించుకున్నాను. పిల్లని వేరుగా తీసుకుపోనివ్వను, ఏమైతే ఇద్దరికీ అవుతుంది. ఒక చీర, పిల్ల గుడ్డలు మూట కట్టాను. అది చూసి మామ్మ మూట విప్పేసింది.

"అమ్మోర్ని పిలిసింది నాను. సాగనంపీది నాను. రేపు పొద్దున్నే పిల్లకి నీళ్ళోత్తాను. నీళ్ళోసినాక ఎవులూ తీసికెల్లరు" అంది.

అమ్మవారు దిగిపోయాక వేపాకు, పసుపు వేసిన నీళ్ళతో స్నానం చేయిస్తారు. ఆ నీళ్ళు పోస్తే ఆ ఇంటికి అమ్మవారు వదిలినట్టే. ఊళ్ళో ఆ మాటకు తిరుగులేదని నాకూ తెలుసు. కాని టోపీవాడికి తెలుస్తుందా? నాకు ఇంకో దారి లేదు కాబట్టి సరేనన్నాను.

తెల్లవారుతూండగా వీధిలోనే పీట వేసింది. ఇంట్లో కాదు, నలుగురూ చూడాలని వీధిలో. వాకిళ్ళ దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు ఒక్కొక్కరే చెంబుతో వచ్చారు. వంకాయలామె వచ్చింది, బుట్ట పక్కన పెట్టి పసుపు నూరింది. బాంబులోళ్ళ పిల్లకి వీధి వీధంతా తలా చెంబెడు నీళ్ళు పోసింది. అది మొదటి చెంబుకి ఉలిక్కిపడి, రెండో చెంబుకి నవ్వింది.

బండి వచ్చింది. బండివాడు ఎద్దుల్ని ఆపి, దిగి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని చేతులు జోడించాడు. వెనక సైకిలు మీద వచ్చిన ఇన్‌స్పెక్టరు పిల్లని ఎక్కించమన్నాడు. బండివాడు కదలలేదు.

"నీళ్ళోసీసేరండి. నీళ్ళోసిన పిల్లని ఎక్కిత్తే నా ఇంటికి తగులుతాదండి. నాను ఎక్కించను."

కాపలా బంట్రోతు కూడా నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు రూల్సు చెప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు మామ్మ చేసిన పని నేను చెయ్యలేకపోయేదాన్ని. పీట మీద పిల్లని తడితడిగా ఎత్తి, తిన్నగా వెళ్ళి ఆయన చేతుల్లో పెట్టేసింది.

"సూడు బాబూ" అంది.

వదిలేస్తే పిల్ల కింద పడుతుంది. పట్టుకోక తప్పింది కాదు. అంతదాకా ఎదటింటి అరుగు మీదినుంచి తీర్పు చెప్పిన మనిషి మొదటిసారి పిల్లని చూశాడు. వీపు చూశాడు, మెడ చూశాడు, అరచేతులు విప్పి చూశాడు. పిల్ల ఆయన టోపీ పట్టీ పట్టుకుని లాగింది. ఆయన చొక్కా తడిసిపోయింది. కాసేపటికి పిల్లని నా చేతికిచ్చి, జేబులోంచి పుస్తకం తీసి ఒక మాట రాసుకున్నాడు. డిశ్చార్జ్‌డ్ అట. మేం ఎక్కడికీ వెళ్ళకుండానే ఎక్కడినుంచో మమ్మల్ని విడుదల చేశాడు. క్షమించమని మాత్రం అనలేదు. ఆ పుస్తకంలో దానికి గడి ఉండి ఉండదు.

అప్పుడు అమ్మవారిని సాగనంపడం. మామ్మ కొత్త కుండలో పెరుగన్నం, చలిమిడి, బెల్లం పెట్టింది. గుమ్మానికున్న మండలు విప్పి కుండ మీద పరిచింది. ముందు డప్పు, వెనక ఆడవాళ్ళు, అందరి వెనకా పిల్లని చంకనేసుకుని నేను. పొలిమేర దాకా నడిచాం. కుండ అక్కడ దించి, నీళ్ళు చుట్టూ తిప్పి పోసి, మామ్మ నేలకి మొక్కింది. "సల్లగా ఎల్లి రా తల్లీ" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

పిల్లల ప్రాణాలు తీసేదాన్ని కూడా ఆ ఊళ్ళో అలాగే పంపుతారు. అన్నం పెట్టి, డప్పు కొట్టి, తోడు నడిచి. పొమ్మన్న మాట రాకుండా.

మేం తిరిగి వచ్చేసరికి గుమ్మం బోసిగా ఉంది. దాని ముందు కాగితం పట్టుకుని ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు, టేపుతో వచ్చినవాళ్ళే. గడువు దాటిపోయింది, అమ్మవారు కూడా దిగిపోయింది, సాయంత్రంలోగా ఇల్లు అప్పగించాలన్నారు. అమ్మవారు దిగిపోయిందన్న మాట మీద అప్పుడు వాళ్ళకి వెంటనే నమ్మకం కలిగింది.

వర్తకుడు ఎలమంచిలి దగ్గర ఊళ్ళో ఉన్న తన చుట్టాలకి, వాళ్ళ సావిడిలో ఒక పక్క నాకు చోటివ్వమని కబురు పంపాడు. బండి కట్టించాడు. సామాను ఎంతసేపు సర్దాలి? కుంపటి, పెట్టె, ఉయ్యాల గుడ్డ. కొక్కెం దూలంలో బిగుసుకుపోయి ఊడలేదు, అక్కడే వదిలేశాను. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి, ఒకటీ రెండూ అని సామాను లెక్కపెడుతున్నట్టు మమ్మల్ని చూశాడు.

మామ్మ ముందు తను కదలనంది. ఇంట్లో ఉన్న మనిషిని పంపించాకే తను వెళుతుందట. నాకు ఒడి పట్టమని, పసుపు, బెల్లం దిమ్మ ముక్క, ఆకులో చుట్టిన పెరుగన్నం పెట్టింది. బండి వెంట వీధి చివరి దాకా నడిచింది. ఆ పొద్దున్న పొలిమేర దాకా నడిచిన నడకే. పిల్ల నెత్తిమీద చెయ్యి పెట్టి, "సల్లగా ఎల్లి రా తల్లీ" అంది. తరువాత వెనక్కి తిరిగి, తన సామాను వీధిలో పెట్టించుకోవడానికి వెళ్ళింది.

ఆ ఇంట్లోకి దొర రాలేదు. ఎవరూ రాలేదు. మశూచికం వచ్చిన ఇంట్లో ఉండబోమని వాళ్ళ మనుషులు అన్నారట. వేపమండలు మేం ఉన్నప్పుడు కాపాడలేదు, మేం పోయాక బాగా పనిచేశాయి. ఇల్లు అక్కర్లేదు సరే, ఇచ్చెయ్యవచ్చు కదా? ఇవ్వలేదు. హుకుం రద్దు చెయ్యడానికి వేరే హుకుం కావాలట. వర్తకుడి తరఫున ఇంగ్లీషులో అర్జీలు నేనే రాశాను, ఎలమంచిలి నుంచి, తరువాత మావారి దగ్గరికి తిరిగి వెళ్ళాక విశాఖపట్నం నుంచి. విషయం పరిశీలనలో ఉన్నదని ఒకటి రెండు జవాబులు వచ్చాయి. యుద్ధం అయ్యేదాకా ఆ ఇంటికి తాళం వేసే ఉంది.

ఇన్ని మాటలు మనమీద ప్రయోగించినవాళ్ళని మనవాళ్ళు ఒకే ఒక్క పొట్టి మాటతో పొమ్మన్నారు, క్విట్ అని. ఆ ఏడు వర్షాకాలంలోనే అన్నారు. వాళ్ళు తాపీగా అయిదేళ్ళు తీసుకున్నారు. మాకు సాయంత్రం దాకా ఇచ్చారు.

ఇల్లు తిరిగి వచ్చిందని వర్తకుడు కబురు పెట్టినప్పుడు పిల్లని తీసుకుని చూడటానికి వెళ్ళాను. మామ్మ లేదు. గొడౌనులో, తడిక చాటున, బెల్లం దిమ్మల పక్కనే పోయింది. ఆఖరి రోజుల్లో ఇంటి తాళం తీశారా అని రోజూ అడిగేదట. పెంకులు జారి వాన లోపలికి కురిసి, వెనక గది గోడ ఒక పక్క కూలింది. టేపు ఆనించిన గోడ అదే. దూలానికి మాత్రం మా ఉయ్యాల కొక్కెం అలాగే ఉంది. వర్తకుడు నిచ్చెన వేసి, సుత్తితో కొట్టి ఊడదీసి, తుడిచి నా చేతికిచ్చాడు.

చిన్నవాడి ఉయ్యాల ఇప్పుడు దానికే వేలాడుతోంది.